అమ్మ గుండెలో గడ్డ: క్యాన్సర్ కాదంటూనే ఆపరేషన్‌కి ఇంత తొందరేంటి?

గోదారిగట్టు (రాజమండ్రి)

అందరికీ నమస్కారం. అమ్మకి 54. చాలా నెలలుగా ఆయాసం. ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే ఎక్కువవుతుంది, లేచి కూర్చుంటే తగ్గుతుంది. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడుతుంది. బరువు తగ్గింది. ఈఎస్ఆర్ (ఒంట్లో వాపుని పట్టించే రక్తపరీక్ష) ఎప్పుడు చేయించినా ఎక్కువే. ముందు టీబీ అనుకున్నారు, కళ్ళె పరీక్షలో ఏం రాలేదు. తర్వాత ఇంకో డాక్టరు గారు స్టెతస్కోప్ పెట్టి, "చిన్నప్పుడు కీళ్ళవాతం జ్వరం వచ్చిందా, వాల్వ్ సన్నబడినట్టుంది" అన్నారు.

తీరా టూడీ ఎకో (గుండె అల్ట్రాసౌండ్) తీస్తే వాల్వ్ శుభ్రంగా ఉంది. ఎడమ పై గదిలో 5.2 × 3.4 సెం.మీ. గడ్డ ఉంది. రెండు పై గదుల మధ్య గోడకి కాడతో అంటుకుని ఉందట. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎడమ పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ వాల్వ్‌లోంచి కిందకి జారి, మళ్ళీ పైకొస్తోంది. స్క్రీన్ మీద నేనే చూశాను. రిపోర్టులో "లెఫ్ట్ ఏట్రియల్ మిక్సోమా" అని రాశారు.

సర్జన్ గారు ఈ వారమే చేసేద్దాం అంటున్నారు. పెదనాన్నేమో "క్యాన్సర్ కాదని వాళ్ళే అంటున్నారుగా, ఆషాఢం వెళ్ళాక చూద్దాం" అంటున్నారు. అమ్మ కూడా ఆయన మాటకే మొగ్గుతోంది. ముక్క తీసి పరీక్ష చేయకుండానే క్యాన్సర్ కాదని ఎలా చెప్తున్నారు? మందులతో కరగదా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

---

స్టెతస్కోపు_సుబ్బు (కార్డియాలజీలో పీజీ చేస్తున్నాను)

అన్నా, ముందు పెదనాన్న గారికి చెప్పాల్సింది ఇది. ఈ గడ్డ ఒళ్ళంతా పాకదు, నిజమే. కానీ అది ఉన్న చోటు చూడండి. ఊపిరితిత్తుల్లోంచి వచ్చిన మంచి రక్తమంతా ఆ గదిలోంచే కిందకి దిగాలి. ఆ దారిలోనే కూర్చుంది. అమ్మగారు పక్కకి తిరిగినప్పుడు గడ్డ వాల్వ్ మీదకి ఒరుగుతుంది, ఆయాసం వస్తుంది. ఎప్పుడైనా పూర్తిగా అడ్డుపడితే కళ్ళు తిరిగి పడిపోవడం, ఒక్కోసారి ఉన్నట్టుండి ప్రాణం పోవడం కూడా జరుగుతుంది.

రెండోది, నాకు ఇంకా భయం వేసేది: ముక్కలు ఊడడం. ఎడమ వైపు గదిలోంచి ఊడిన ముక్క నేరుగా మెదడుకో, కాలికో, కిడ్నీకో పోతుంది. ఎడమ వైపు మిక్సోమా ఉన్నవాళ్ళలో సుమారు మూడో వంతు మందికి ఇలాంటిది ఏదో ఒకటి జరుగుతుందని పుస్తకాల లెక్క. నున్నగా గట్టిగా ఉన్నది ఎక్కువగా దారికి అడ్డుపడుతుంది. మెత్తగా, కుచ్చులు కుచ్చులుగా ఉన్నది ఎక్కువగా ఊడుతుంది. ఈ వారంలోనా, ఆషాఢం వెళ్ళాకా అన్నది ఎకో చూసి ఎవరూ చెప్పలేరు. అందుకే తొందర.

జ్వరం, బరువు తగ్గడం, ఈఎస్ఆర్ ఇవన్నీ కూడా దాని పనే. ఆ కణాలు ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థాన్ని వదులుతాయి, ఒళ్ళు ఏదో ఇన్ఫెక్షన్ వచ్చినట్టు ప్రవర్తిస్తుంది. అందుకే టీబీ అనుకుని తిరిగేవాళ్ళు మన దగ్గర చాలామంది. వాల్వ్ అనుకోవడంలో కూడా వింత లేదు. కీళ్ళవాతం వల్ల మైట్రల్ వాల్వ్ సన్నబడడం మన ప్రాంతంలో ఎంత మామూలో మీకు తెలుసు, స్టెతస్కోప్‌లో రెండూ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. మిక్సోమాలో గడ్డ కిందకి జారి ఆగినప్పుడు "ప్లాప్" అని ఒక అదనపు చప్పుడు ఉంటుంది, మనిషి పక్కకి తిరిగితే చప్పుళ్ళు మారతాయి. ఎకో లేకుండా దాన్ని పట్టుకునే చెవులు ఇప్పుడు తక్కువ.

మందులతో కరగదు. ఏ మందూ లేదు.

---

సందేహాలరావు (విజయవాడ)

అందరూ భయపెట్టేవాళ్ళే. గుండె గదిలో రక్తం గడ్డ కూడా ఎకోలో ఇలాగే కనిపిస్తుంది కదా? రక్తం పల్చబడే మందు కొన్నాళ్ళు వేసి చూస్తే పోయేదానికి ఛాతీ కోయడం ఎందుకు? సెకండ్ ఒపీనియన్ తీసుకోండి. కార్పొరేట్ వాళ్ళు క్యాన్సర్ కాకపోయినా కోస్తారు, అయినా కోస్తారు.

---

స్లైడు_పురాణం (పాథాలజిస్టు, హైదరాబాద్)

రావుగారి ప్రశ్నలో న్యాయం ఉంది, సెకండ్ ఒపీనియన్ కూడా తీసుకోవచ్చు. ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. అన్నవాహికలోంచి గొట్టం పంపి తీసే టీఈఈ ఎకో చేయించమనండి, బొమ్మ ఇంకా స్పష్టంగా వస్తుంది.

రక్తం గడ్డ సాధారణంగా వాల్వ్ సన్నబడినవాళ్ళలోనో, గుండె లయ తప్పి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్ళలోనో కడుతుంది. అది గది వెనక గోడకో, పక్కనుండే చిన్న సంచిలోనో ఉంటుంది. మిక్సోమా కాడ ఎక్కువగా పుట్టేది పై గదుల మధ్య గోడలో ఫోసా ఓవాలిస్ అనే చిన్న గుంట దగ్గర. గోదారిగట్టు గారు చెప్పిన బొమ్మ అచ్చం అదే: వాల్వ్ శుభ్రం, కాడ, మధ్య గోడ, ఊగడం. పెద్దవాళ్ళ గుండెలోనే పుట్టే, క్యాన్సర్ కాని గడ్డల్లో దాదాపు సగం మిక్సోమాలే, వాటిలో నాలుగింట మూడొంతులు ఎడమ పై గదిలోనే. ఆడవాళ్ళలో ఎక్కువ, 30 నుంచి 60 మధ్య వయసులో ఎక్కువ. అమ్మగారు ప్రతి లెక్కలోనూ సరిపోతున్నారు.

ముక్క తీసి ఎందుకు చూడరంటే, కొట్టుకుంటున్న గుండెలో ఎడమ వైపు గడ్డని గిల్లితే రాలిన తునక మెదడుకి పోవచ్చు. ఏ ప్రమాదం తప్పించాలనుకుంటున్నామో దాన్నే మన చేత్తో తెచ్చుకున్నట్టు. పైగా ఎటూ తీయాల్సిందే కాబట్టి, తీశాకే మా దగ్గరకొస్తుంది. చెడ్డ గడ్డలైన యాంజియోసార్కోమాలు ఎక్కువగా కుడి పై గదిలో, కాడ లేకుండా వెడల్పుగా గోడలోకి దిగి, గుండె చుట్టూ నీరు చేర్చి కనిపిస్తాయి. ఇక్కడ అవేం లేవు కాబట్టే ధైర్యంగా మిక్సోమా అంటున్నారు. ఖాయంగా చెప్పేది మాత్రం మైక్రోస్కోప్ కిందే. జిగురు పదార్థంలో చెదురుమదురుగా నక్షత్రాకారపు కణాలుంటాయి, కాల్‌రెటినిన్ అనే ప్రొటీన్‌ని చూపించే రంగు వేస్తే పట్టుకుంటాయి. రక్తం గడ్డకి ఆ రంగు పట్టదు.

నిల్వ ఉంచే ఫార్మలిన్ ద్రవంలో పడకముందు ఎప్పుడైనా చేతికొస్తే చూడాలి. తాటిముంజెలాగే ఉంటుంది, మెరుస్తూ, కదిపితే వణుకుతూ. గట్టిగా పట్టుకుంటే విడిపోతుంది. రక్తం పల్చబడే మందు రక్తం గడ్డ మీద పనిచేస్తుంది కానీ దీని మీద చేయదు రావుగారూ.

---

ఓరుగల్లు_ఆడబిడ్డ (హన్మకొండ)

అన్నా, నాకు ఇదే ఆపరేషన్ అయింది. నాకు ఆయాసం లేదు, జరం లేదు. పొద్దున రొట్టెలు చేస్తుంటే కుడి చెయ్యి పట్టు తప్పింది, పెనం కింద పడ్డది. మాట ముద్దగా వచ్చింది. మా ఆయన ఎంబడే దవాఖానకు తీస్కపోయిండు. పక్షవాతం అన్నరు. బీపీ లేదు, షుగర్ లేదు, ఇంత చిన్న వయసుల ఎందుకొచ్చిందని ఎకో తీస్తే గుండెల గడ్డ. ముక్క ఊడి మెదడుకు పోయింది.

ఆపరేషన్ మంచిగనే అయింది. చెయ్యి కూడ చాలామట్టుకు వచ్చింది. కానీ జాకెట్ హుక్కులు పెట్టుకునుడు ఇప్పటికీ ఒక పెద్ద పని నాకు. మా బిడ్డ పెడతది. ముందు తెలిసినోళ్ళు అదృష్టవంతులు, మీ పెద్దనాయినకు నా సంగతి చెప్పుండ్రి.

ఛాతీ నడుమ ఎముక కోస్తరు, తీగెలతో కడ్తరు. దగ్గు వస్తే దిండు గుండెకు ఒత్తి పట్టుకొని దగ్గమంటరు, అది తప్పకుండ చెయ్యాలె. మూడు గోళీలుండే ప్లాస్టిక్ డబ్బా ఇస్తరు ఊపిరి పీల్చనీకి, బద్ధకం చెయ్యొద్దు. బిందెలు, బకీట్లు మూడు నెలల దాక లేపొద్దన్నరు. పక్కకు ఒరిగి పండుకునుడు కొన్నాళ్ళు కష్టం.

---

గోదారిగట్టు

అక్కా, మీ పోస్టు పెదనాన్నకి చదివి వినిపించాను. ఏం మాట్లాడలేదు, కాసేపాగి "డబ్బు సంగతి నేను చూస్తాను" అన్నారు. ఎల్లుండి అడ్మిషన్. ముందు యాంజియోగ్రామ్ చేస్తాం అంటున్నారు. గడ్డకి, బ్లాకులకి సంబంధం ఏంటి? ఇది అదనపు బిల్లా?

---

స్టెతస్కోపు_సుబ్బు

కాదన్నా. ఆ వయసులో ఎటూ ఛాతీ తెరుస్తున్నప్పుడు రక్తనాళాల్లో బ్లాకులుంటే అదే బల్ల మీద సరిచేసేస్తారు. మళ్ళీ తెరవడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఒక్కోసారి గడ్డకి రక్తం ఎక్కడ నుంచి వస్తోందో కూడా యాంజియోలో కనిపిస్తుంది.

ఆపరేషన్ ఎలా జరుగుతుందో కూడా చెప్తాను, అమ్మకి చెప్పడానికి పనికొస్తుంది. గుండె-ఊపిరితిత్తుల మెషిన్ మీద పెడతారు. గుండెని ఆపేదాకా సర్జన్ దాన్ని ఎక్కువ తాకరు, పిసకరు, తునక రాలకూడదు కాబట్టి. తర్వాత పై గది తెరిచి, గడ్డని ఒక్క ముక్కగా, కాడ మొదలున్న గోడ కొంచెం అంచుతో సహా కోసి తీస్తారు. అక్కడ పడ్డ కంతకి గుండె చుట్టూ ఉండే పొరలోంచే చిన్న ముక్క తీసి అతుకు వేస్తారు. బయటి వస్తువు ఉండదు. మత్తు డాక్టర్లకి పడుకోబెట్టే తీరే పెద్ద పని, వెల్లకిలా పడుకోగానే గడ్డ అడ్డం పడొచ్చు. అమ్మకి ఏ పక్క పడుకుంటే నయంగా ఉంటుందో వాళ్ళకి ముందే చెప్పండి.

బిల్లు విషయం: కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్‌లో ఎకో రిపోర్టు పెట్టి అడగండి. అడ్మిషన్ కాకముందే అడగడం మంచిది.

---

సందేహాలరావు

సరే, మిక్సోమా సంగతి ఒప్పుకుంటాను. కానీ పూర్వం ఈ ఎకోలు, మెషిన్లు లేనప్పుడు జనం బతకలేదా అని అడుగుతున్నా.

---

స్లైడు_పురాణం

ఈ గడ్డ ఉన్నవాళ్ళు బతకలేదు రావుగారూ. అప్పట్లో గుండె గడ్డ అంటే ఎక్కువగా శవపరీక్షలో దొరికే వింత. ఫిలడెల్ఫియాలో గిబ్బన్ గుండె-ఊపిరితిత్తుల మెషిన్‌తో మొదటి విజయవంతమైన ఆపరేషన్ చేసింది 1953లో. మరుసటి ఏడాదే, 1954లో, స్టాక్‌హోమ్‌లో క్లారెన్స్ క్రాఫోర్డ్ ఆ పద్ధతిలో ఎడమ పై గది మిక్సోమా తీశాడు. గుండె మీద అల్ట్రాసౌండ్ పెట్టి చూడడం కూడా స్వీడన్‌లోనే 1953లో ఎడ్లర్, హెర్ట్జ్ మొదలుపెట్టారు. 1959లో జర్మనీలో ఎఫర్ట్ బృందం ఆ అల్ట్రాసౌండ్‌తోనే పై గదిలో గడ్డని పట్టుకుంది. అంటే ఈ జబ్బుకి దారి దొరికిందంతా ఆరేడేళ్ళలోనే. మన తాతల కాలంలో "గుండె ఆగి పోయాడు" అన్నవాళ్ళలో ఎందరికి ఇది ఉండేదో ఎవరికి తెలుసు.

---

డాలస్_అమ్మ

ఇక్కడ చెప్పొచ్చో లేదో కానీ, మా అబ్బాయి కథ వేరేలా ఉంది. ఏడో నెల స్కాన్‌లో వాడి గుండెలో మూడు గడ్డలు కనిపించాయి. రాబ్డోమయోమా అన్నారు, గుండె కండలో పుట్టే, క్యాన్సర్ కాని గడ్డలట. నేను ఏడుస్తుంటే కార్డియాలజిస్ట్ "ఇవి చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి, గుండె సంగతి కాదు, మెదడు సంగతి చూడాలి" అంది. అప్పుడు అర్థం కాలేదు.

పుట్టాక చర్మం మీద వుడ్స్ ల్యాంప్ అనే అతినీల దీపం వేసి చూస్తే తెల్ల మచ్చలు కనిపించాయి. మామూలు వెలుతుర్లో కనిపించనంత లేతగా. ట్యూబరస్ స్క్లెరోసిస్ అన్నారు, మెదడు, గుండె, చర్మం లాంటి చోట్ల గడ్డలు పుట్టే జన్యు జబ్బు. జన్యు పరీక్షలో టీఎస్‌సీ2 మార్పు వచ్చింది. మా ఇద్దరిలో లేదు, వాడిలోనే కొత్తగా పుట్టింది. పుట్టిన కొన్ని నెలలకే చిన్న చిన్న ఫిట్స్ మొదలయ్యాయి, మెడ ఉన్నట్టుండి ముందుకి వంచేవాడు. అత్తయ్య ఇండియా నుంచి వీడియో కాల్‌లో చూసి "నిద్రొస్తోందేమో" అన్నారు. మాకు ముందే చెప్పి ఉంచారు కాబట్టి వెంటనే ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష), విగాబాట్రిన్ అనే ఫిట్స్ మందు మొదలయ్యాయి. ఇప్పుడు గుండెలో గడ్డలు ఒకటి కనిపించడం లేదు, రెండు చాలా చిన్నవైపోయాయి. రక్తం దారికి అడ్డంపడేంత పెద్దవైతే ఎవరోలిమస్ అనే మందు ఇచ్చి చూస్తామన్నారు, మాకు ఆ అవసరం రాలేదు.

గుండెలో గడ్డే మాకు ముందస్తు కబురు తెచ్చింది. అది కనపడకపోతే ఆ మెడ వంపుని మేమూ నిద్రే అనుకునేవాళ్ళం.

---

స్టెతస్కోపు_సుబ్బు

డాలస్ అక్క చెప్పింది పిల్లల స్కాన్ చూసే ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాలి. పిల్లల గుండెలో ఒకటికి మించి గడ్డలుంటే ట్యూబరస్ స్క్లెరోసిస్ వెతకాల్సిందే. ఒక్కటే ఉండి, కింది గది కండలో గట్టిగా, మధ్యలో సున్నపు చుక్కతో ఉంటే అది ఫైబ్రోమా కావచ్చు. అది తగ్గదు, గుండె లయ చెడగొడుతుంది, తరచూ ఆపరేషన్ దాకా వెళ్తుంది.

---

కడప_కారం (బెంగళూరు)

నాది గుండె కాదు, పొట్ట గోడ. రెండో సిజేరియన్ తర్వాత కుట్టు పక్కన గట్టిగా ఒక ముద్ద. హెర్నియా అన్నారు, తర్వాత కొవ్వు గడ్డ అన్నారు. ఎమ్మారై, సూది బయాప్సీ చేస్తే డెస్మాయిడ్. క్యాన్సర్ కాదు, ఎక్కడికీ పాకదు, కానీ పక్క కండలోకి వేళ్ళు దించుతుంది. మొదట కలిసిన సర్జన్ "పొట్ట కండ సగం తీసి మెష్ వేస్తా" అన్నాడు. డేట్ కూడా ఇచ్చేశాడు. మా అన్న పట్టుబట్టి క్యాన్సర్ ఆస్పత్రి ట్యూమర్ బోర్డుకి (రకరకాల డాక్టర్లు కలిసి కేసు చూస్తారు) తీసుకెళ్తే వాళ్ళు "కత్తి పక్కన పెట్టండి, కొన్ని నెలలకోసారి ఎమ్మారై తీసి చూద్దాం" అన్నారు. కోస్తే అదే చోట మళ్ళీ వచ్చే గుణం ఉందట దీనికి. కొందరిలో ఊరికే తగ్గిపోతుందట. నాది పెరగడం ఆగింది, ఇప్పుడు కాస్త తగ్గింది కూడా. కూర్చుని లేస్తే పట్టేస్తుంది, అంతే. దానితోనే బతుకుతున్నా.

---

సందేహాలరావు

చూశారా! ఒకరిది క్యాన్సర్ కాదు, పరిగెత్తి కోయించుకోండి. ఒకరిది క్యాన్సర్ కాదు, ముట్టుకోకండి. ఇంకొకరిది దానంతటదే పోయింది. సామాన్యుడు ఏం చేయాలి?

---

స్లైడు_పురాణం

ఈ చర్చలో మీరు అడిగిన మంచి ప్రశ్న ఇదే. నా స్లైడ్ మీద ఈ మూడూ పాకని గడ్డలే. కానీ స్లైడ్ చెప్పేది ఆ కణాల గుణం మాత్రమే. అది ఎక్కడ ఉంది, దేనికి అడ్డం పడుతోంది, వదిలేస్తే ఏం చేస్తుంది, కోస్తే ఏం చేస్తుంది అన్నది స్లైడ్ చెప్పదు. మిక్సోమా తొడ కండలో కూడా పుడుతుంది. పేరు ఒకటే అయినా జబ్బు వేరు. అక్కడ ఉంటే మీ పెదనాన్న గారి ఆషాఢం వాదన నేను కూడా ఒప్పుకునేవాణ్ణి.

డెస్మాయిడ్‌లో ఎక్కువగా బీటా-కెటెనిన్ జన్యువులో మార్పు ఉంటుంది. కొద్దిమందిలో మాత్రం పేగుల్లో వందలాది పాలిప్స్ వచ్చే వంశపారంపర్య జబ్బుతో కలిసి వస్తుంది. కడప గారూ, మీ ఇంట్లో చిన్న వయసులో పెద్దపేగు క్యాన్సర్ ఎవరికైనా ఉంటే డాక్టరుకి తప్పక చెప్పండి, కొలనోస్కోపీ అవసరమవుతుంది. పెరిగితే మందులున్నాయి. సోరాఫెనిబ్ వాడుతున్నారు, నిరోగసెస్టాట్‌కి అమెరికాలో 2023 నవంబరులో అనుమతి వచ్చింది.

చర్మం కింద గడ్డలున్నవాళ్ళందరికీ ఒక మాట. మెత్తగా, చేతికి జారుతూ, ఏళ్ళుగా అలాగే ఉన్న కొవ్వు గడ్డ గురించి నిద్ర పాడుచేసుకోకండి. 5 సెం.మీ. దాటినా, లోపల కండలో ఉన్నా, పెరుగుతున్నా మాత్రం ఎమ్మారై, సూది బయాప్సీ లేకుండా కత్తి పెట్టనివ్వకండి. "చిన్న గడ్డే, లోకల్ మత్తులో తీసేద్దాం" అని తీసినవి కొన్ని సార్కోమాలై (కండ, కొవ్వు లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్లు) నా బల్ల మీదకొస్తాయి. అప్పటికే కణాలు చుట్టూ చెదిరిపోయి, మళ్ళీ పెద్ద ఆపరేషన్ చేయాల్సి వస్తుంది.

---

చన్నీళ్ళ_శత్రువు (గుంటూరు)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఉంగరం వేలి గోరు కింద ఏళ్ళ తరబడి నొప్పి. బయటికి ఏం కనిపించదు. ఫ్రిజ్ నీళ్ళు తగిలితే ప్రాణం పోతుంది. నరాల బలహీనత అని విటమిన్లు ఇచ్చారు, ఒకాయన మానసికం అన్నారు. ఇది కూడా మీ గడ్డల లెక్కలోకి వస్తుందా?

---

స్లైడు_పురాణం

రావచ్చు. గ్లోమస్ ట్యూమర్ అయ్యుండొచ్చు. చలికి నొప్పి, ముట్టుకుంటే నొప్పి, ఒక్క చుక్క చోటే నొప్పి, ఈ మూడూ కలిస్తే మొదట గుర్తొచ్చేది అదే. పిన్నీసు గుండు వైపుతో గోరు మీద ఒక్కో చోట నొక్కి చూడండి. ఒక చోట ఎగిరిపడి, పక్కనే మిల్లీమీటర్ దూరంలో ఏం లేకపోతే చేతుల సర్జన్‌కి చూపించండి. కొన్ని మిల్లీమీటర్ల గడ్డ, తీసేస్తే నొప్పి మాయం. మానసికం కాదు.

---

మోడరేటర్

ఫోన్ నంబర్లు, డాక్టర్ల పేర్లు పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. పసరు మందు ప్రకటన కూడా. వీపు మీద రెక్క ఎముక కింద గడ్డ గురించి అడిగినవారు కొత్త చర్చ మొదలుపెట్టండి.

---

గోదారిగట్టు

అమ్మ ఆపరేషన్ అయింది. వార్డులోకి వచ్చింది. సర్జన్ గారు డబ్బాలో చూపించారు, స్లైడు గారు చెప్పినట్టే మెరుస్తూ ఉంది, ఒక పక్క రక్తం చేరి ఎర్రగా. రిపోర్టులో మిక్సోమానే అని, కాడ అంచు శుభ్రంగా ఉందని వచ్చింది. ఐసీయూలో ఉండగా గుండె గబగబా లయ తప్పి కొట్టుకుంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. అమియోడరాన్ ఇస్తే సర్దుకుంది. నాకు కాళ్ళు వణికాయి కానీ నర్సమ్మ "ఛాతీ తెరిచినోళ్ళలో ఇది మామూలే బాబూ" అంటూ చార్జర్ వెతుక్కుంటోంది.

జ్వరం మళ్ళీ రాలేదు. దిండు పట్టుకుని దగ్గుతోంది అక్కా. ఎడమ పక్కకి తిరిగి పడుకుని "ఏం కావట్లేదురా" అంది. పెదనాన్న ఆస్పత్రి క్యాంటీన్ ఇడ్లీ బాలేదని ఇంటి నుంచి క్యారేజీ తెస్తున్నారు.

ఇంకొక్క సందేహం. నాకూ చెల్లికీ ఎకో చేయించాలా?

---

స్టెతస్కోపు_సుబ్బు

చాలా సంతోషం అన్నా. వంశంలో వచ్చే రకం ఒకటుంది, కార్నీ కాంప్లెక్స్ అంటారు. మేయో క్లినిక్ పాథాలజిస్టు కార్నీ 1985లో వివరించాడు. పీఆర్‌కేఏఆర్1ఏ అనే జన్యువులో మార్పు వల్ల వస్తుంది. ఉన్నవాళ్ళ పిల్లల్లో ఒక్కొక్కరికి సగం అవకాశం. అందులో గడ్డలు చిన్న వయసులో, ఒకటికి మించి, వింత చోట్ల వస్తాయి, తీసినా మళ్ళీ వస్తాయి. పెదవుల మీద, కంటి రెప్పల మీద నల్ల చుక్కలు, హార్మోన్ తేడాలు కూడా ఉంటాయి. అమ్మకి ఆ మచ్చలు, థైరాయిడ్, అడ్రినల్ గొడవలు ఏమైనా ఉన్నాయా? మీ అమ్మమ్మ వైపు ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి పోయారా?

---

గోదారిగట్టు

మచ్చలు లేవు. హార్మోన్ గొడవలు ఏం లేవు. అమ్మమ్మకి 80 దాటాయి, ఇప్పటికీ పొలం గట్ల మీద తిరుగుతుంది.

---

స్టెతస్కోపు_సుబ్బు

అయితే అమ్మది ఒంటరి కేసే అనుకోవచ్చు. మీ ఇద్దరికీ తప్పనిసరి కాదు. మనసులో పీకుతుంటే ఒక్కసారి మామూలు ఎకో తీయించుకోండి, నొప్పా గాయమా. అమ్మకి మాత్రం ఏడాదికోసారి ఎకో మానొద్దు. ఇలాంటివి తిరిగి రావడం నూటికి ఒకటి నుంచి మూడు లోపే, కానీ వస్తే మొదటి కొన్నేళ్ళలోనే ఎక్కువగా వస్తుంది. డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్సు, బయాప్సీ రిపోర్టు మూడూ ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. పళ్ళు తీయించుకోవాల్సి వచ్చినా గుండెకి అతుకు వేశారని ముందు చెప్పండి.

---

ఓరుగల్లు_ఆడబిడ్డ

అమ్మకు ఇంటికి పోయినంక ముందు పాలు, గుడ్డు మంచిగ పెట్టుండ్రి, బరువు దానంతటదే వస్తది. వంటింట్ల పైన సజ్జ మీది డబ్బాలు మాత్రం కిందికి దించి పెట్టుండ్రి. మేం వద్దన్నా అందుకోబోతం.